పిన్నీ, ఇక్కడ సముద్రం లేదుగా!

మొన్న సంక్రాంతికి బాపట్ల వెళ్లినప్పుడు సూర్యలంక బీచ్‌లో మా అక్క కూతురు చిన్ని ఒక ప్రశ్న అడిగింది. దానికి ఏడేళ్లు. "పిన్నీ, ఆకాశం నీలంగా ఎందుకుంటుంది?"

సరిగ్గా అప్పుడే నా ఫోన్లో ఆఫీసు మెసేజ్‌లు వరసగా వచ్చి పడుతున్నాయి. రెండు చేతులా టైపు చేస్తూనే, "సముద్రం నీలంగా ఉంది కదే, ఆ రంగే పైన కనిపిస్తుంది" అనేశాను. చిన్నప్పుడు నాకెవరో చెప్పిన జవాబే అది. చిన్ని ఓసారి సముద్రం వైపు, ఓసారి ఆకాశం వైపు చూసి, "ఓహో" అని ఇసుకలో గుంట తవ్వుకోవడానికి వెళ్లిపోయింది. పని అయిపోయిందనుకున్నాను.

రెండు రోజుల తర్వాత హైదరాబాద్‌కి రైల్లో తిరిగి వస్తున్నాం. నల్గొండ దాటుతున్నాం. కిటికీలోంచి చూస్తే అన్నీ ఎర్ర చెలక భూములు, రాళ్ల గుట్టలు. చిన్ని చాలాసేపు బయటికే చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "ఇక్కడ సముద్రం లేదుగా పిన్నీ. నేలంతా ఎర్రగా ఉంది. మరి ఆకాశం ఎర్రగా లేదేం?"

నా దగ్గర జవాబు లేదు. బీటెక్ చదివాను. ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నేను చెప్పిన మాటలోని తప్పును ఏడేళ్ల పిల్ల రైలు కిటికీలోంచి చూసి పట్టేసింది. "బాగా కనిపెట్టావే" అని మెచ్చుకోవాల్సింది పోయి, "అబ్బా, బుర్ర తినకే, కాసేపు పడుకో" అన్నాను. అది పడుకోలేదు. కానీ మళ్లీ అడగలేదు కూడా.

అడగడం మానేసింది

మియాపూర్‌లో అక్కావాళ్లింట్లోనే నేనూ ఉంటాను. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. చిన్ని స్కూలు నుంచి రాగానే బ్యాగు సోఫాలో పడేసి నా గదిలోకి వచ్చేది. "చీమలకి నిద్ర వస్తుందా", "నీడ నల్లగానే ఎందుకుంటుంది" అంటూ మొదలుపెట్టేది. సంక్రాంతి తర్వాత రెండు మూడు వారాలు నా గది చాలా ప్రశాంతంగా ఉంది. నిజం చెప్పొద్దూ, నాకు హాయిగానే అనిపించింది.

ఓ రాత్రి భోజనాల దగ్గర అక్క అంది, "అది నిన్ను అడగడం మానేసింది, గమనించావా?"

"మరెవర్ని అడుగుతోంది?"

"నా ఫోన్ని."

మర్నాడు తలుపు పక్క నుంచి చూశాను. చిన్ని ఫోన్ దగ్గర నోరు పెట్టి ఏదో అడిగింది. ఫోన్ గుక్క తిప్పుకోకుండా నాలుగు వాక్యాలు అప్పజెప్పింది. చిన్ని "ఓకే" అని బొమ్మల వీడియో పెట్టుకుంది. అంతే. "మరి" అనలేదు, "ఎందుకు" అనలేదు. ఎర్ర నేలని చూసి ఎదురు ప్రశ్న వేసిన పిల్లేనా ఇది అనిపించింది.

ఫోన్‌ని తప్పుపట్టడం లేదు. నాకు తిండి పెడుతున్నదే ఆ రంగం. కానీ ఆ రంగంలో ఉన్నదాన్ని కాబట్టే ఇంకో సంగతి కూడా తెలుసు. ఈ రోజుల్లో ఏది అడిగినా జవాబు చెప్పే యాప్‌లు తప్పుని కూడా ఒప్పంత ధీమాగా చెప్పగలవు. అచ్చం సూర్యలంకలో నేను చెప్పినట్టే.

సిలబస్‌లో ఉందా?

ఆ రాత్రి నాకు నా ఆరో తరగతి గుర్తొచ్చింది. భూమి తన చుట్టూ తాను తిరుగుతుందని సారు పాఠం చెబుతున్నారు. నేను లేచి, "సార్, భూమి తిరుగుతుంటే మనం పైకి ఎగిరినప్పుడు కింద నేల జరిగిపోవాలి కదా, మళ్లీ అక్కడే ఎందుకు పడుతున్నాం?" అని అడిగాను. "ఇది సిలబస్‌లో ఉందా? కూర్చో" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను కూర్చున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్లు లేవలేదు.

ఇంజినీరింగ్ నాలుగేళ్లలో నేను క్లాసులో అడిగిన ప్రశ్న ఒక్కటే, "సార్, ఇది ఇంపార్టెంటా?" మార్కులు బాగానే వచ్చాయి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పని అప్పగించారు. అందులో మొదటి మెట్టే నాకు అర్థం కాలేదు. అడిగితే నవ్వుతారేమోనని మూడు వారాలు నాలో నేనే కుస్తీ పట్టాను. చివరికి మేనేజరు నా కుర్చీ పక్కన కూర్చుని పది నిమిషాల్లో విప్పి చెప్పి, "ఇది మొదటి రోజే అడగొచ్చు కదమ్మా" అన్నాడు. ఆయనకేం తెలుసు, నేను అడగడం మర్చిపోయి అప్పటికి పదేళ్లు దాటిందని!

అందుకే చిన్ని మౌనం నన్ను భయపెట్టింది. ఒక రంగు గురించిన చిన్న ప్రశ్నే కదా అని సరిపెట్టుకోలేకపోయాను. నన్ను కూర్చోబెట్టినట్టే దాన్నీ నేను కూర్చోబెట్టాను.

గాజు గ్లాసులో సాయంత్రం

ఆదివారం రాత్రి దాన్ని వంటింట్లోకి పిలిచాను. "చిన్నీ, ఆకాశం గురించి ఆ రోజు నేను చెప్పింది తప్పు" అన్నాను.

"నాకు తెలుసు, రైల్లోనే తెలిసింది" అంది తల కూడా ఎత్తకుండా.

పొడుగాటి గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి, అందులో కొద్ది చుక్కలు పాలు వేసి కలిపాం. లైట్లు ఆర్పి, గ్లాసుకి ఒక పక్క నుంచి ఫోన్ టార్చి వేశాం. పక్క నుంచి చూస్తే నీళ్లలో పల్చటి నీలి ఛాయ. టార్చికి ఎదురుగా వెళ్లి గ్లాసులోంచి చూస్తే అదే వెలుగు పసుపుగా, నారింజగా కనిపించింది. ఇంకో రెండు చుక్కలు వేస్తే మరికాస్త ఎర్రబడింది. "సాయంత్రం అయిపోయింది!" అని అరిచింది చిన్ని. నేను ఇంకా ఏమీ వివరించనే లేదు.

వివరణ ఇంతే. తెల్లగా కనిపించే ఎండలో అన్ని రంగులూ కలిసే ఉంటాయి. వెలుగు అలలుగా ప్రయాణిస్తుంది. ఎరుపు రంగు అలలు పొడుగు, నీలం అలలు పొట్టి. గాలిలోని కంటికి కనిపించని అణువులకి తగిలినప్పుడు ఎరుపు చాలావరకు తన దారిన తాను పోతుంది. నీలం మాత్రం ఎరుపు కంటే సుమారు ఐదారు రెట్లు ఎక్కువగా నాలుగు వైపులా చెదిరిపోతుంది. ఎటు తల తిప్పినా మన కంట్లో పడేది ఆ చెదిరిన నీలమే. సాయంత్రం పూట సూర్యుడు దిగువన ఉంటాడు కాబట్టి వెలుగు చాలా ఎక్కువ దూరం గాలిలోంచి రావాలి. దారిలోనే నీలం చెదిరిపోయి, ఎరుపు, నారింజ మిగులుతాయి. మన గ్లాసులో పాల చుక్కలు చేసిన పని ఆకాశంలో గాలి చేస్తోందన్నమాట.

"మరి హరివిల్లులో నీలం తర్వాత ఊదా కూడా ఉంది కదా. అది ఇంకా పొట్టిదా? అయితే ఆకాశం ఊదాగా ఎందుకు లేదు?" అంది చిన్ని.

ఈసారి ఫోన్ తీయలేదు, పడుకోమనలేదు. "నాకు తెలీదే. రేపు చదివి చూద్దాం" అన్నాను. చదివితే తెలిసిందేమిటంటే, ఊదా నిజంగానే ఇంకా ఎక్కువ చెదురుతుంది. కానీ ఎండలో ఊదా పాలు తక్కువ, పైగా మన కళ్లు ఊదా కంటే నీలాన్ని బాగా పసిగడతాయి. అంటే ఆకాశం రంగులో సగం సంగతి మన కంట్లోనే ఉంది. ఏడేళ్ల పిల్ల అడగకపోతే ఈ విషయం నాకు జన్మలో తెలిసేది కాదు.

రామన్ జేబులోని పట్టకం

సముద్రం మాటేమిటి? ఇక్కడ ఒక మంచి కథ ఉంది. సర్ సి.వి. రామన్ చిన్నతనం విశాఖపట్నంలో గడిచింది. వాళ్ల నాన్నగారు అక్కడ కాలేజీలో లెక్చరరు. 1921లో ఆయన ఇంగ్లండ్ నుంచి 'నార్కుండా' అనే ఓడలో తిరిగి వస్తున్నారు. మధ్యధరా సముద్రపు నీలం ఆయన్ని కట్టిపడేసింది. సముద్రపు నీలం ఆకాశానికి ప్రతిబింబం మాత్రమేనని అప్పటికే లార్డ్ రేలీ అనే మహా శాస్త్రవేత్త చెప్పి ఉన్నారు. రామన్ ఆ మాటని అలాగే తీసుకోలేదు. తన వెంట ఉన్న నికోల్ పట్టకంతో నీటి మీద నుంచి తిరిగొచ్చే ఆకాశపు వెలుగుని అడ్డుకుని చూశారు. నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. అంటే ఆ రంగు నీటిలోంచే వస్తోంది.

లోతైన నీరు వెలుగులోని ఎరుపుని ఎక్కువగా పీల్చేసుకుంటుంది. మిగిలిన నీలం చెదిరి మన కంటికి చేరుతుంది. ఆకాశానిది ఆకాశానిదే, సముద్రానిది సముద్రానిదే. వెలుగు చెదరడం మీద రామన్ ఆ తర్వాత ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్టుకి దారితీశాయి. 1930లో నోబెల్ వచ్చింది. మనం ఏటా ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం జరుపుకునేది అందుకే.

ఈ కథ చెప్పాక చిన్ని అడిగింది, "పెద్దాయన చెప్పిన మాట తప్పని చెబితే రామన్‌ని ఎవరూ తిట్టలేదా?" ఆ ప్రశ్న ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది నాకు.

"ఏమోనే, పద చూద్దాం"

ఆలోచిస్తే, నాకు సైన్సు నేర్పింది బడి ఒక్కటే కాదు. మా నానమ్మకి సంతకం పెట్టడం కూడా రాదు. ఓసారి వంటింట్లో చక్కెర డబ్బా దాకా చీమలు బారులు తీరి ఉంటే, "నానమ్మా, వీటికి దారి ఎలా తెలుస్తుంది?" అని అడిగాను. "ఏమోనే, నాకూ తెలీదు. పద చూద్దాం" అని మోకాళ్లు పట్టుకుని నా పక్కన కూలబడింది. కాసేపు చూశాక బారు మధ్యలో తడి వేలితో అడ్డంగా ఒక గీత తుడిచింది. అంతే, వస్తున్న చీమలన్నీ అక్కడ ఆగిపోయాయి. అటూ ఇటూ తిరిగాయి, కొన్ని వెనక్కి వెళ్లాయి. కాసేపటికి ఒకటి దాటింది, దాని వెనకే మిగిలినవి. "దారిలో ఏదో పూసుకుంటూ పోతున్నాయే ఇవి" అంది నానమ్మ.

అక్షరాలా అదే నిజం. ఆహారం దొరికిన చీమ తిరిగి వెళ్తూ నేల మీద ఒక వాసన పదార్థాన్ని వదులుతూ పోతుంది. వెనక వచ్చేవి మీసాల్లాంటి స్పర్శకాలతో దాన్ని పసిగట్టి నడుస్తాయి. తుడిస్తే దారి తెగిపోతుంది. 'ఫెరోమోన్' అనే మాట నానమ్మకి తెలీదు. కానీ ప్రయోగం ఎలా చేయాలో తెలుసు. "తెలీదు" అనడానికి ఆవిడ ఏనాడూ సిగ్గుపడలేదు. నాకే ఆ సిగ్గు ఎక్కడి నుంచో వచ్చి పడింది.

ఈ మధ్య చిన్నితో అదే ప్రయోగం మా మియాపూర్ వంటింట్లో చేశాను. అక్క మాత్రం, "మీ ప్రయోగం అయ్యాక నా చక్కెర డబ్బా కడిగి పెట్టండి" అంది.

బల్లి, దోమ, భూమి

ఇప్పుడు మా ఇంట్లో ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్కు ఉంది. చిన్ని ఏది అడిగినా ముందు అందులో రాస్తాం. తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటే పట్టుకుంటాం. వాటిలో కొన్ని చెబుతాను, మీ ఇంట్లో కూడా పనికొస్తాయి.

"బల్లి గోడ మీంచి ఎందుకు పడదు?" దాని కాళ్లకి జిగురు ఉంటుందని నేను అనుకునేదాన్ని. జిగురు లేదు. వేళ్ల అడుగున కంటికి ఆనని సన్నటి వెంట్రుకలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో వెంట్రుక కొస మళ్లీ వందల పాయలుగా చీలి ఉంటుంది. అవి గోడకి ఎంత దగ్గరగా ఆనుతాయంటే, అణువుల మధ్య ఉండే అతి బలహీనమైన ఆకర్షణే అన్నీ కలిసి బల్లి బరువుని మోసేస్తుంది. దీనికి చిన్ని ఎదురు ప్రశ్న, "మరి పడదంటే, బల్లి మీద పడితే ఏమవుతుందో అమ్మమ్మ పంచాంగంలో ఎందుకుంది?" పడుతుంది కూడా అని ఒప్పుకోవాల్సి వచ్చింది. తడిగా ఉన్నచోట ఆ పట్టు సడలుతుంది.

"వానలో ఎగిరే దోమకి చినుకు తగిలితే చచ్చిపోదా?" దీనికి ఇంట్లో అందరం నవ్వాం. కానీ 2012లో అమెరికాలోని జార్జియా టెక్ శాస్త్రవేత్తలు సరిగ్గా ఇదే ప్రశ్న మీద పరిశోధన ప్రచురించారు. హైస్పీడ్ కెమెరాలు పెట్టి మరీ చూశారు. చినుకు దోమ కంటే ఏకంగా 50 రెట్లు బరువుండొచ్చు. మనిషి మీద బస్సు పడ్డట్టే. అయినా దోమ బతికిపోతుంది. ఎందుకంటే అది అంత తేలిక కాబట్టి చినుకుకి ఎదురు నిలవదు. చినుకుతో పాటే కాస్త దూరం కిందికి జారి, పక్కకి తప్పుకుంటుంది. నేలకి మరీ దగ్గరగా ఎగురుతుంటే మాత్రం ప్రమాదమే. మనం నవ్వుకున్న ప్రశ్న ఒక ప్రయోగశాలలో చాలా గంభీరమైన ప్రశ్న.

ఇక నా ఆరో తరగతి ప్రశ్న. ఆ నోట్‌బుక్కులో అది కూడా రాశాను, నా పేరు మీద. హైదరాబాద్ ఉన్నచోట నేల గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి తిరుగుతోంది. అయితే నేలతో పాటు మనమూ, గాలీ అదే వేగంతో వెళ్తున్నాం. ఎగిరినా ఆ వేగం మనల్ని వదిలిపెట్టదు. అందుకే అక్కడే పడతాం. ఒక శనివారం మెట్రోలో చిన్ని రబ్బరు బంతిని నిట్టనిలువుగా ఎగరేసింది. రైలు ఒకే వేగంతో సాగుతున్నంతసేపూ బంతి దాని చేతిలోనే పడింది. స్టేషన్ దగ్గర బ్రేకు వేస్తున్నప్పుడు ఎగరేస్తే ముందుకి పోయి ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఒళ్లో పడింది. ఆయన నవ్వి బంతి తిరిగిచ్చాడు. ఆరో తరగతిలో కూర్చున్న నేను ఆ రోజు మళ్లీ లేచి నిలబడ్డాను.

జవాబు తెలిసే ఉండాలా?

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ చిన్నప్పుడు తన బొమ్మ తుపాకీతో ఒక పిచ్చుకని కొట్టారు. దాని మెడ దగ్గర పసుపు మచ్చ ఉంది. ఇదేం పిట్ట అని మేనమామని అడిగితే ఆయనకీ తెలీలేదు. కానీ "ఏదో పిట్టలే, పో" అనలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించారు. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ ఆ పిల్లాడికి పిట్ట పేరు చెప్పడంతో సరిపెట్టకుండా, తమ దగ్గర భద్రపరిచిన పక్షులన్నీ చూపించారు. సలీం అలీ జీవితం అక్కడే మలుపు తిరిగింది. ఆ కథలో మేనమామకి జవాబు తెలీదన్న సంగతి నాకు చాలా ధైర్యాన్నిచ్చింది.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ ప్రాంతంలో 1972లో పల్లె బడుల కోసం ఒక సైన్సు బోధన కార్యక్రమం మొదలైంది. పిల్లలు ప్రయోగాలు చేసి నేర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. ఆ పిల్లలు తమ సందేహాలన్నీ 'సవాలీరామ్' అనే ఆయనకి ఉత్తరాలు రాసేవాళ్లు. నిజానికి అలాంటి మనిషెవరూ లేరు. ఆ పేరుతో ఆ కార్యక్రమం వాళ్లే జవాబులు రాసేవాళ్లు. తెలుగులో జనవిజ్ఞాన వేదిక వాళ్ల 'చెకుముకి' పత్రిక కూడా పిల్లలకి సైన్సుని వాళ్ల భాషలో చెబుతూ వస్తోంది. అడిగే పిల్లలకి వినేవాళ్లు ఉన్నారన్న నమ్మకం ముందు కావాలి. జవాబు ఆ తర్వాత.

మా నోట్‌బుక్కు నాకు నేర్పినవి నాలుగే విషయాలు. పిల్లలు అడగ్గానే జవాబు చెప్పేయకుండా, "నువ్వేమనుకుంటున్నావ్?" అని ముందు వాళ్లనే అడగడం. తెలీకపోతే తెలీదని చెప్పడం, కానీ "తెలీదు" దగ్గర ఆగిపోకుండా "పద చూద్దాం" అనడం. ఇంట్లో ఉన్న గ్లాసుతో, బంతితో చేసి చూడగలిగింది చేసి చూడటం. మనం చెప్పింది తప్పని తేలితే పిల్లల ముందే ఒప్పుకోవడం. వీటికి సైన్సు డిగ్రీ అక్కర్లేదు. రోజుకి ఒక పావుగంట చాలు. ఆఫీసు పనిలో ఉంటే "ఇప్పుడు కాదు, బుక్కులో రాసి పెట్టు" అంటాను. రాసి పెడుతుంది. ఆదివారం అప్పు వసూలు చేసినట్టు వసూలు చేస్తుంది.

ఫోన్ ఇప్పటికీ వాడుతున్నాం. కాకపోతే మేం ముందు ఊహించి, వీలైతే చేసి చూసి, ఆ తర్వాత దాన్ని అడుగుతున్నాం. అది చెప్పింది చిన్నికి నచ్చకపోతే, "దీనికెలా తెలుసు?" అంటోంది. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు రైలు కిటికీ గుర్తొస్తుంది.

ఇప్పటికి బుక్కులో 63 ప్రశ్నలయ్యాయి. 17 ప్రశ్నలకి జవాబు ఇంకా పట్టుకోలేదు. నిన్న రాత్రి కరెంటు పోతే బాల్కనీలో కూర్చున్నాం. చిన్ని అడిగింది, "పిన్నీ, చీకట్లో పిల్లికి రంగులు కనిపిస్తాయా?"

"తెలీదే."

"అయితే రాసుకో" అని పెన్ను నా చేతికిచ్చింది.